కారు ఆగాక పెరిగే వేడి

సొంత కారుతో రేస్ ట్రాక్ మీద, పోటీ లేకుండా, వేగంగా తిరగడానికి డబ్బు కట్టి వెళ్లే రోజుని ట్రాక్ డే అంటారు. ఇవి రెండు పద్ధతుల్లో నడుస్తాయి. ఒకదాంట్లో డ్రైవర్లని అనుభవాన్ని బట్టి రెండు మూడు గ్రూపులుగా విడదీసి, ఒక్కో గ్రూపుకి పదిహేను, ఇరవై నిమిషాల సెషన్ ఇస్తారు. టైమ్ అయిపోగానే గళ్ల జెండా ఊపుతారు. అందరూ ఒక ల్యాపు, అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండు, నెమ్మదిగా తిరిగి పిట్ లేన్‌లోకి (ట్రాక్ నుంచి కార్లు లోపలికి వచ్చే దారి) వచ్చేస్తారు. రెండోది ఓపెన్ పద్ధతి. పిట్ లేన్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది, ఎవరికి ఇష్టమైనప్పుడు వాళ్లు వెళ్లొచ్చు, రావచ్చు. వినడానికి రెండోదే బాగుంటుంది. డబ్బు కట్టేశాం, ట్రాక్ ఖాళీగా ఉంది, ఇంక ఆగడం దేనికి?

చిక్కంతా అక్కడే. మొదటి పద్ధతిలో కారుకీ మనిషికీ విశ్రాంతి నిర్వాహకులే ఇచ్చేస్తారు, మీకు నచ్చినా నచ్చకపోయినా. ఓపెన్ పద్ధతిలో "ఇంక చాలు, లోపలికి రా" అనేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ మాట ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి. అది కూడా మంచి ఊపు మీద ఉన్నప్పుడు, ఇంకో అర సెకను తగ్గించగలం అనిపిస్తున్నప్పుడు చెప్పుకోవాలి.

విశాఖ నుంచి వెళ్లేవాళ్లకి ఈ ఊపు ఇంకాస్త ఎక్కువ. మన ఊళ్లో పూర్తి స్థాయి రేస్ ట్రాక్ లేదు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉన్నది చెన్నై దాటి శ్రీపెరుంబుదూరు వైపు, ఇరుంగాట్టుకోట్టైలో. 16వ నంబరు హైవే మీద 800 కిలోమీటర్ల పైమాటే. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో 2011లో ఫార్ములా వన్ కోసం తెరిచిన బుద్ధ్ సర్క్యూట్ ఇంకా దూరం. సెలవు పెట్టి, పెట్రోలు పోయించి, రాత్రంతా నడిపి అంత దూరం వెళ్లినవాడితో "పావుగంట తిరిగి ముప్పావుగంట కూర్చో" అంటే ఒళ్లు మండుతుంది. కానీ ఆ పావుగంటలో కారులో ఏం జరుగుతుందో, అంతకంటే ముఖ్యంగా కారు ఆపాక ఏం జరుగుతుందో తెలిస్తే, ఆ కూర్చోవడం వృథా అనిపించదు.

ముందు బ్రేకుల సంగతి చూద్దాం. మన మామూలు కార్లలో ట్రాక్ మీద మొదట చేతులెత్తేసేది ఇంజన్ కాదు, బ్రేకులే.

బ్రేకు చేసే పని ఒక్కటే. కారు వేగంలో ఉన్న శక్తిని వేడిగా మార్చడం. చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కుని రెండు పక్కల నుంచి ప్యాడ్లు నొక్కుతాయి, ఆ రాపిడికే వేడి పుడుతుంది. డ్రైవరుతో కలిపి 1200 కిలోల కారు సిటీలో 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే దాదాపు 170 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అదే కారు ట్రాక్ మీద స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నటి భాగం) చివర 150 నుంచి 60కి తగ్గితే దాదాపు 870. ఆగను కూడా లేదు, అయినా ఐదు రెట్లు. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు కావడమే దీనికి కారణం. ఇందులో సుమారు 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు డిస్కులు ఒక్కోటి ఆరు కిలోలు ఉన్నాయనుకుంటే, ఆ ఒక్క బ్రేకింగ్‌తోనే డిస్కు 100 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఆ వేడిని గాలి కొంత లాగేసుకునేలోపే తర్వాతి మలుపు వచ్చేస్తుంది. నాలుగైదు ల్యాపులు తిరిగేసరికి డిస్కులు 400, 500 డిగ్రీలు దాటడం మామూలే.

మనకి బాగా తెలిసిన రోడ్డుతో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి అనంతగిరి మీదుగా కిందికి, విశాఖ దాకా దిగడంలో మన 1200 కిలోల కారు వదిలించుకోవాల్సిన శక్తి కోటి జౌళ్లకి కాస్త ఎక్కువ. అందులో చాలా భాగం గాలికి, టైర్లకి, ఇంజన్ బ్రేకింగ్‌కి పోతుంది. మిగిలినది గంటల తరబడి కొంచెం కొంచెంగా బ్రేకుల మీద పడుతుంది. అయినా గేరు న్యూట్రల్ చేసి దిగినవాళ్ల కారు శృంగవరపుకోట చేరేసరికి కాలిన వాసన కొడుతుంది. ట్రాక్ మీద ల్యాపుకి ఐదు గట్టి బ్రేకింగులు, సగటున 500 కిలోజౌళ్ల చొప్పున లెక్క వేసుకోండి. నాలుగు ల్యాపులకే కోటి జౌళ్లు. అంటే అరకు ఘాట్ మొత్తం పది నిమిషాల్లో దిగినట్టు, అదీ అంతా బ్రేకుల మీదే.

ఇంత వేడిలో బ్రేకులు రెండు రకాలుగా మొరాయిస్తాయి. ఆ రెండిటికీ తేడా కాలికి తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగడం లేదు అంటే ప్యాడ్లు వాటి హద్దు దాటిపోయాయని. రోడ్డు కోసం చేసిన ప్యాడ్లు ఒక ఉష్ణోగ్రత దాటాక పట్టు వదిలేస్తాయి. చల్లారితే చాలావరకు మళ్లీ పట్టు వస్తుంది. రెండోది దీనికంటే ప్రమాదం. పెడల్ మెత్తబడుతుంది, ల్యాపు ల్యాపుకీ లోపలికి వెళ్తుంది, చివరికి ఫ్లోర్‌కి తగులుతుంది. బ్రేక్ ఆయిల్ మరిగిందన్నమాట. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు కాబట్టే కాలి బలం ప్యాడ్ల దాకా చేరుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే, మన కాలు ఆ బుడగల్ని నొక్కడంతోనే సరిపోతుంది, ప్యాడ్ దాకా ఏమీ చేరదు.

ఇక్కడ విశాఖ వాతావరణం మనకి అన్యాయం చేస్తుంది. డాట్ 3, డాట్ 4 అనే రకాల (డబ్బా మీద DOT అని రాసి ఉంటుంది) బ్రేక్ ఆయిళ్లకి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం అడిగేది 155 మాత్రమే. డాట్ 3 అయితే 205 నుంచి 140కి పడిపోతుంది. రోజంతా సముద్రపు గాలి కొట్టే ఊళ్లో, మూడేళ్లుగా ఆయిల్ మార్చని కారు ఏ స్థితిలో ఉంటుందో ఊహించుకోవచ్చు. సిటీ ట్రాఫిక్‌లో ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఎంత తొక్కినా కాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీదికి నొక్కే భాగం) దగ్గర ఆయిల్ మరిగేంత వేడి పుట్టడం అరుదు. ట్రాక్ మీద మూడో ల్యాపులో బయటపడుతుంది. అందుకే బయలుదేరే ముందు వారంలో ఆయిల్ పూర్తిగా మార్పించి, లైన్లలో గాలి తీయించుకోవాలి. డబ్బాలో పైన కాస్త పోయించుకుంటే సరిపోదు, ఎందుకంటే మరిగేది కాలిపర్ దగ్గర ఉన్న పాత ఆయిల్. వీలైతే డాట్ 5.1 వేయించుకోవచ్చు, దాని హద్దులు 260, 180. డాట్ 5 మాత్రం వద్దు. పేరు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్టవ్ ఆపేశాక కూడా ఇనప పెనం మీద వదిలేసిన అట్టు మాడుతుంది. మంట ఆగింది గానీ పెనంలో దాచుకున్న వేడి ఎక్కడికీ పోలేదు. డిస్కు కూడా అంతే. కారు నడుస్తున్నంతసేపూ చక్రం గాలిని తోస్తూ ఉంటుంది, డిస్కు మధ్యలోని రెక్కలు ఫ్యానులా పనిచేస్తాయి. వేడి పుడుతూనే ఉన్నా, బయటికి పోయే దారీ ఉంటుంది. గట్టిగా తిరిగి నేరుగా వచ్చి ప్యాడక్‌లో, అంటే కార్లు నిలిపే చోట, ఆపేశామనుకోండి, గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. 500 డిగ్రీల డిస్కులోని వేడి పక్కనే ఉన్న ప్యాడ్‌లోకి, ప్యాడ్ నుంచి దాన్ని నెట్టే పిస్టన్‌లోకి, పిస్టన్ నుంచి ఆయిల్‌లోకి పాకుతుంది. కాబట్టి కాలిపర్ దగ్గర ఉష్ణోగ్రత అన్నిటికంటే పైకి వెళ్లేది ట్రాక్ మీద ఉండగా కాకపోవచ్చు, కారు ఆపిన కొద్ది నిమిషాల తర్వాత కావచ్చు. మీరు మజ్జిగ తాగుతూ వీడియో చూసుకుంటుంటే అక్కడ ఆయిల్ నిశ్శబ్దంగా మరుగుతుంది. మళ్లీ ట్రాక్ ఎక్కిన మొదటి మలుపులో పెడల్ కిందికి పోతుంది.

పూర్తిగా చల్లారేదాకా ఆగితే ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ గట్టిపడటం కూడా ఉంది. "అబ్బే, ఏం లేదు, సర్దుకుంది" అనుకునేది ఇక్కడే. ఆయిల్‌లోని నీరు ఎక్కడికీ పోలేదు, మళ్లీ అదే ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుంది. ఒకసారి మెత్తబడిన పెడల్‌తో ఆ రోజు మళ్లీ వేగంగా తిరగాలంటే గాలి తీయించి, కొత్త ఆయిల్ పోయించుకున్నాకే. లేదంటే నెమ్మదిగా తిరగాలి, లేదా కూర్చుని చూడాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ బేరం ఆడను.

అందుకని చివర్లో నెమ్మదిగా తిరిగే కూల్-డౌన్ ల్యాపు సెషన్ అయిపోయాక మర్యాదకి తిరిగేది కాదు, సెషన్‌లో భాగమే. ఎలా తిరగాలన్నదాని మీద కూడా కొన్ని అపోహలున్నాయి. నత్తలా 20 వేగంతో పాకితే గాలి సరిగా తగలదు. 60, 70 వేగంతో పై గేర్లో, ఇంజన్‌ని తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఉంచి, వీలైనంతవరకూ బ్రేకు ముట్టుకోకుండా తిరగాలి. మలుపు దూరంగా ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే కారు దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ ల్యాపులో బ్రేకు గట్టిగా తొక్కాల్సి వస్తోందంటే ఇంకా వేగంగానే వెళ్తున్నట్టు. కూలెంట్ వేడి సూది ఇంకా పైనే ఉంటే హీటర్ ఆన్ చేయండి. చెన్నై ఎండలో అది నరకమే, కానీ కూలెంట్‌కి ఇంకో చిన్న రేడియేటర్ దొరికినట్టు. ఒక ల్యాపు చాలకపోతే రెండు తిరగండి.

ఓపెన్ పద్ధతిలో ఈ ల్యాపుకి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. గ్రూపు సెషన్‌లో గళ్ల జెండా పడ్డాక అందరూ ఒకేసారి నెమ్మదిస్తారు. ఓపెన్‌లో నెమ్మదించింది మీరొక్కరే. వెనక వచ్చేవాడు తన బెస్ట్ ల్యాపులో ఉండొచ్చు. 150తో వచ్చేవాడికి 60తో వెళ్లే కారు దాదాపు రోడ్డు మీద ఆగిపోయినట్టే కనిపిస్తుంది. బ్రీఫింగ్‌లో ఏ సంకేతం చెప్పారో అది వాడండి, హజార్డ్ లైట్లా, ఇండికేటరా, కిటికీలోంచి చెయ్యా అన్నది ట్రాక్ ట్రాక్‌కీ మారుతుంది. అందరూ వెళ్లే లైన్ వదిలి ఒక పక్కన స్థిరంగా వెళ్లండి. మధ్యలో మనసు మార్చుకుని అటూ ఇటూ జరిగితే వెనకవాడికి మీరు ఎటు వెళ్తారో తెలియదు. అద్దాలు చూస్తూనే ఉండాలి. మెదడు "పని అయిపోయింది" అని సడలిపోయేది కూడా ఈ ల్యాపులోనే.

లోపలికి వచ్చాక హ్యాండ్ బ్రేకు లాగవద్దు. వేడి ప్యాడ్ వేడి డిస్కుని ఒకే చోట పట్టుకుని ఉంటే ప్యాడ్ పదార్థం అక్కడ అంటుకుంటుంది. తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంటే "డిస్కు వంకర పోయింది" అంటారు గానీ, చాలాసార్లు అది ఈ అంటుకున్న పొరే. గేరులో వదిలి, చక్రం కింద చెక్కముక్కో రాయో పెడితే చాలు. ముందు డిస్కుల విషయంలోనూ ఇదే భయం కాబట్టి, ఆపేటప్పుడు పెడల్ తొక్కిపట్టి కూర్చోవద్దు. రెండు మూడు నిమిషాలకి కారుని ఒక మూర ముందుకి నెట్టడం మంచి అలవాటు. డిస్కుల మీద నీళ్లు మాత్రం పోయకండి, పోతపోసిన ఇనుము పగలొచ్చు. చెయ్యి కూడా పెట్టకండి. ఎండలో 400 డిగ్రీల డిస్కు కూడా మామూలుగా, బూడిద రంగులోనే కనిపిస్తుందని స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరివాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

బానెట్ ఎత్తి పెట్టండి. రేడియేటర్ మూత జోలికి పోవద్దు, ఒత్తిడి తగ్గగానే లోపల ఉన్నది ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజన్ ఆపాక ఫ్యాన్ కాసేపు తిరుగుతుంటే దాన్ని తిరగనివ్వండి. టర్బో పెట్రోల్ కారైతే ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమంటారు. ఎర్రగా కాగిన టర్బో బేరింగుల్లో ఆయిల్ ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోతే, మిగిలిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుందన్నది కారణం. సలహా మంచిదే గానీ, కూల్-డౌన్ ల్యాపు సరిగా తిరిగి వచ్చినవాళ్లు ఐదు నిమిషాలు అలా కూర్చోనక్కర్లేదు. ఈవీలు తెచ్చేవాళ్లకి ఒక్క మాట: బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ బ్రేకింగ్ (మోటారే కారుని నెమ్మదింపజేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) పెద్దగా పనిచేయదు, దాదాపు మొత్తం భారం మామూలు బ్రేకుల మీదే పడుతుంది. నూటికి నూరు చార్జ్ చేసుకుని ట్రాక్ ఎక్కితే మొదటి ల్యాపుల్లో ఆశ్చర్యపోతారు.

టైర్లలో గాలి లెక్క కూడా వేడి లెక్కే. 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్‌ఐ ఉన్న టైరు లోపలి గాలి 80 డిగ్రీలకి చేరితే ఒత్తిడి దాదాపు 40కి వెళ్తుంది. టైరు మధ్యలో ఉబ్బి, నేలని తాకే భాగం తగ్గి, కారు జారుతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని డ్రైవర్లు చాలాసార్లు తమ తప్పు అనుకుని ఇంకా గట్టిగా నడుపుతారు, టైరు ఇంకా వేడెక్కుతుంది. ట్రాక్ మీంచి వచ్చిన వెంటనే కొలిచి, ఎక్కువైనది తీసేయాలి. తీసింది ఎంతో రాసిపెట్టుకోండి, సాయంత్రం మళ్లీ నింపాలి.

కారు గురించి ఇంత చెప్పాక మనిషి సంగతి చిన్నదనిపిస్తుంది. నిజానికి ఓపెన్ ట్రాక్ డేలో ముందు అలిసిపోయేది మనిషే, కాకపోతే మనకి వేడి చూపించే సూది లేదు. హెల్మెట్, నిండు చేతుల చొక్కా, బూట్లు, ఏసీ ఆపేసిన కారు. చెమట ఒంటిని చల్లబరచాలంటే ఆరాలి. గాలిలో తేమ నిండా ఉంటే కారుతుంది గానీ ఆరదు. మే నెలలో మధ్యాహ్నం జగదంబ సెంటర్‌లో నిలబడ్డవాళ్లకి తెలిసిన సంగతే. చెన్నై ఏమీ తీసిపోదు. ఇలాంటి చోట గంటకి లీటరు దాకా చెమట పోవచ్చు. ఒట్టి నీళ్లు తాగితే పోయిన ఉప్పు తిరిగి రాదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ మంచివి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి సెషన్ తర్వాతా తాగాలి. తలనొప్పి, వికారం, చలిగా అనిపించడం మొదలైతే ఆ రోజుకి హెల్మెట్ పక్కన పెట్టేయండి. మధ్యాహ్నం ఫుల్ బిర్యానీ లాగించి రెండింటికి ట్రాక్ ఎక్కేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకుంటే ఈ బాధ సగం తప్పుతుంది.

శరీరం కంటే ముందు ఏకాగ్రత పోతుంది. దానికి కొన్ని గుర్తులున్నాయి: ప్రతి ల్యాపులో బ్రేకు తొక్కే చోటు ఒకసారి దాటిపోవడం, ఒకే మలుపులో వరసగా లైన్ తప్పడం, జెండా చూపించే మార్షల్ (ట్రాక్ పక్కన నిలబడే భద్రతా సిబ్బంది) ఉన్నాడో లేడో గుర్తుకు రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లోపలికి రావాలి. అయితే అలిసిన మనిషి తాను అలిసిపోయానని ఒప్పుకోడు. అందుకే నిర్ణయం కార్లో కూర్చోక ముందే జరగాలి. నా లెక్క ఇలా ఉంటుంది. మొదటి సెషన్ పన్నెండు నిమిషాలకి మించకూడదు, అందులో వేగం అసలే వద్దు. ట్రాక్ ఎక్కడ తడిగా ఉంది, మార్షల్ పోస్టులు ఎక్కడున్నాయి, పెడల్ ఎలా ఉంది, ఇవి చూసుకోవడానికే. తర్వాతి సెషన్లు పదిహేను, మహా అయితే ఇరవై నిమిషాలు. మొదటి ల్యాపు వేడెక్కడానికి, మూడు నాలుగు ల్యాపులు గట్టిగా, చివరిది చల్లారడానికి. ఇంకా టైమ్ మిగిలితే మధ్యలో ఒక నెమ్మది ల్యాపు వేసి మళ్లీ రెండు. ఆ తర్వాత కనీసం నలభై నిమిషాలు విరామం. పిట్ గోడ దగ్గర స్నేహితుణ్ని నిలబెట్టి, టైమ్ కాగానే బోర్డు చూపించమనండి. "వాడు పిలిచాడు, వచ్చేశా" అనడం "నేనే ఆగా" అనడం కంటే తేలిక. ప్రతిసారీ ట్రాక్ ఎక్కే ముందు నిలబడి ఉండగానే పెడల్ రెండుసార్లు తొక్కి చూడాలి. పోయినసారి కంటే లోపలికి వెళ్తే, ఆ సెషన్ లేదు.

బైకుల వాళ్లకి ఈ టైములన్నీ ఇంకా తగ్గించుకోవాల్సిందే. లెదర్ సూట్‌లో మనిషి హద్దు బండి హద్దు కంటే ముందే వస్తుంది.

చివరి గంట గురించి గొడవపడేవాళ్లున్నారు. ఎండ తగ్గుతుంది, ట్రాక్ ఖాళీ అవుతుంది, టైమింగ్స్ బాగొస్తాయి అంటారు. అన్నీ నిజమే. అయితే అప్పటికి ప్యాడ్లు అరిగి ఉంటాయి, టైర్లు చాలాసార్లు కాగి చల్లారి ఉంటాయి, మనిషి పొద్దున్న నాలుగింటికి లేచి ఉంటాడు. పైగా మన సాధారణ కారు పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకానికి కవరేజ్ ఉండదు. గోడకి గుద్దితే ఖర్చంతా జేబులోంచే. నాకైతే చివరి సెషన్‌ని పూర్తి వేగంతో కాకుండా, ఒక మెట్టు తగ్గించి నడపడమే ఇష్టం.

అదే కారులో తిరిగి విశాఖ రావాలి కాబట్టి, సాయంత్రం ట్రాక్ దిగాక ఇంకో అరగంట పని ఉంటుంది. టైర్లు చల్లారాక గాలి మళ్లీ కంపెనీ చెప్పిన ఒత్తిడికి నింపాలి. వీల్ నట్లు మాన్యువల్లో ఉన్న టార్క్‌కి బిగించి చూడాలి, అంత వేడికి అవి కాస్త వదులవుతాయి. ఇంజన్ ఆయిల్ గీత చూడాలి. ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్ల కంటే తగ్గితే వెంట తెచ్చుకున్న ప్యాడ్లు అక్కడే మార్పించుకోవాలి. 800 కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకుని "నెల్లూరులో చూద్దాంలే" అనుకునే పని కాదది. ఇన్ని చేసుకున్నా ఆ రాత్రికి మాత్రం బయలుదేరొద్దు. చెన్నైలోనే పడుకుని తెల్లవారాక హైవే ఎక్కితే, తుని దాటేసరికి కూడా స్టీరింగ్ వెనక కళ్లు తెరిచే ఉంటాయి.